హెడ్‌సెట్ మైక్ ల్యాప్‌టాప్‌లో పనిచేయట్లేదా? ముందు పిన్ చూడండి

హెడ్‌సెట్‌లో పాటలు చక్కగా వినిపిస్తాయి. మన మాట మాత్రం అవతలివాళ్లకు చేరదు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి పది నిమిషాల ముందు ఇలా జరిగితే ఎంత టెన్షనో, మా తమ్ముడి పక్కన కూర్చుని చూశాను. కంగారులో డ్రైవర్ (సౌండ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ వేశాం, రెండుసార్లు రీస్టార్ట్ చేశాం. అసలు తేడా పిన్ దగ్గరే ఉందని తర్వాత తెలిసింది. అప్పటినుంచి ఎవరు అడిగినా, సెట్టింగ్స్ తెరవకముందే పిన్ చూడమని చెబుతున్నాను.

పిన్ మీద గీతలు లెక్కపెట్టండి

3.5 మిల్లీమీటర్ల పిన్ మీద చుట్టూ సన్నటి గీతలు ఉంటాయి. రెండు గీతలుంటే లోహం మూడు ముక్కలుగా ఉన్నట్టు: ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి, గ్రౌండ్‌కి (కరెంటు తిరిగి వెళ్లే ఉమ్మడి దారి) ఒకటి. అందులో మైక్‌కి చోటే లేదు. మూడు గీతలుంటే నాలుగో ముక్క మైక్‌ది. ఫోన్‌కి పెట్టుకునే మైక్ ఉన్న ఇయర్‌ఫోన్స్ పిన్ ఇలాగే ఉంటుంది. కొన్ని హెడ్‌సెట్లకు రెండు పిన్నులు వస్తాయి, ఒకటి వినడానికి, ఒకటి మైక్‌కి.

ఇప్పుడు ల్యాప్‌టాప్ వైపు చూడండి. ఒకటే రంధ్రం ఉండి, పక్కన హెడ్‌ఫోన్‌కి మైక్ కూడా ఉన్న బొమ్మ ఉంటే, మూడు గీతల పిన్ నేరుగా పెట్టేయొచ్చు. ఒకదాని పక్కన హెడ్‌ఫోన్ బొమ్మ, ఇంకోదాని పక్కన మైక్ బొమ్మతో రెండు రంధ్రాలుంటే (రంగులుంటే ఆకుపచ్చది వినడానికి, గులాబీది మైక్‌కి) మూడు గీతల పిన్ ఒక్కదాన్ని ఎందులో పెట్టినా మైక్ పనిచేయదు. మా తమ్ముడికి జరిగింది అదే. పాత ల్యాప్‌టాప్, ఫోన్ ఇయర్‌ఫోన్స్.

దీనికి స్ప్లిటర్ కావాలి, అంటే ఒక దారిని రెండుగా చీల్చే చిన్న వైరు. షాపులో ఊరికే 'స్ప్లిటర్ ఇవ్వండి' అంటే ఇద్దరు కలిసి పాటలు వినే స్ప్లిటర్ చేతిలో పెట్టొచ్చు. దాంతో మైక్ రాదు. ఇలా అడగండి:

- ఫోన్ ఇయర్‌ఫోన్స్, రెండు రంధ్రాల ల్యాప్‌టాప్ అయితే: ఒకవైపు ఒక రంధ్రం, ఇంకోవైపు రెండు పిన్నులు.
- రెండు పిన్నుల హెడ్‌సెట్, ఒకే రంధ్రం ల్యాప్‌టాప్ అయితే: ఒకవైపు రెండు రంధ్రాలు, ఇంకోవైపు మూడు గీతలున్న ఒక పిన్. పాటలు వినే స్ప్లిటర్ కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది కాబట్టి గీతలు లెక్కపెట్టి, రంధ్రం పక్కన మైక్ బొమ్మ ఉందో లేదో చూసి కొనండి.

పిన్ పూర్తిగా దిగిందా?

పాట పెట్టి చూడండి. సంగీతం వస్తూ గాయకుడి గొంతు మాత్రం ఎక్కడో దూరంగా వినిపిస్తుంటే గ్రౌండ్ సరిగ్గా తగలడం లేదన్నమాట. రెండు చెవుల్లోనూ సమానంగా రావాల్సిన గొంతు అప్పుడు కొట్టుకుపోతుంది. పిన్ గట్టిగా నొక్కండి. అయినా అలాగే ఉంటే వైరు మీది బటన్ నొక్కి పట్టుకోండి. గొంతు తిరిగి వచ్చిందంటే మీ హెడ్‌సెట్‌లో మైక్, గ్రౌండ్ స్థానాలు తారుమారుగా ఉన్నాయి. కొన్ని పాత ఫోన్ల ఇయర్‌ఫోన్స్ ఇలా ఉండేవి. ల్యాప్‌టాప్‌కి వేరే హెడ్‌సెట్ వాడటమే మేలు.

రంధ్రంలో దుమ్ము పేరుకుపోయినా పిన్ దిగదు. ల్యాప్‌టాప్ ఆపేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. గుండుసూది మాత్రం పెట్టొద్దు. వైరు మీద మ్యూట్ స్విచ్ ఉంటే అదీ ఒకసారి చూసుకోండి.

విండోస్ 11లో

1. పిన్ పెట్టగానే ఏం పెట్టారని అడిగే చిన్న కిటికీ తెరుచుకుంటే 'హెడ్‌సెట్' ఎంచుకోండి. 'హెడ్‌ఫోన్' అని నొక్కితే మైక్ రాకపోవచ్చు.
2. సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్‌లోకి వెళ్లి, ఇన్‌పుట్ కింద హెడ్‌సెట్ మైక్ ఎంచుకోండి. 'మైక్రోఫోన్ అర్రే' అని ఉన్నది ల్యాప్‌టాప్ సొంత మైక్.
3. హెడ్‌సెట్ మైక్‌ని గోటితో మెల్లగా గీకండి. తెరమీద ఇన్‌పుట్ వాల్యూమ్ దగ్గరి గీత ఎగిరిపడాలి. ఈ పరీక్ష మానొద్దు. మాట్లాడి చూస్తే ల్యాప్‌టాప్ మైక్ కూడా అందుకుంటుంది, హెడ్‌సెట్ పనిచేస్తోందని పొరపడతాం.
4. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, మైక్రోఫోన్ తెరిచి అనుమతులు ఆన్ చేయండి. డెస్క్‌టాప్ యాప్స్‌కి వేరే స్విచ్ కింద ఉంటుంది.

ఇక్కడ పనిచేస్తూ మీటింగ్‌లో పనిచేయకపోతే ఆ యాప్ వేరే మైక్ పట్టుకుని ఉంటుంది. జూమ్‌లో మ్యూట్ బటన్ పక్కనున్న చిన్న బాణం నొక్కి మార్చుకోవచ్చు. బ్రౌజర్‌లో అయితే అడ్రస్‌కి ఎడమవైపున్న గుర్తు నొక్కి మైక్ అనుమతి ఇవ్వండి.

ఇవన్నీ అయ్యాకే డ్రైవర్ సంగతి. డివైస్ మేనేజర్‌లో ఆడియో పరికరాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ మళ్లీ వేసుకుంటుంది. రంధ్రమే పాడైతే యూఎస్‌బీ సౌండ్ కార్డ్ కొనుక్కోండి, చిన్న పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది, యూఎస్‌బీలో పెట్టి హెడ్‌సెట్‌ని దానికి తగిలించుకోవచ్చు.

ఇంటర్వ్యూకి ఐదు నిమిషాలే ఉన్నాయా? హెడ్‌సెట్‌ని వినడానికి ఉంచుకోండి, ఇన్‌పుట్‌లో 'మైక్రోఫోన్ అర్రే' పెట్టండి, ఫ్యాన్ ఆపేసి ల్యాప్‌టాప్‌కి దగ్గరగా కూర్చోండి. మా తమ్ముడు ఆ రోజు అలాగే మాట్లాడాడు.