నవాహో బుట్టను ఆర్డరిచ్చి అల్లించుకోవడం ఎలా?

అమెరికాలో మాన్యుమెంట్ వ్యాలీ చూడ్డానికి వెళ్లిన మనవాళ్లు దారిలో ఏదో దుకాణంలో, అక్కడి ఆదివాసీ తెగ నవాహోలు అల్లిందంటూ అమ్మే ‘నవాహో బుట్ట’ కొనుక్కొచ్చి, ఫొటో పంపి ‘అసలుదేనా?’ అని అడుగుతారు. ఆ నమూనాకు పాకిస్తాన్‌లో అల్లిన నకళ్లు కూడా ఉన్నాయి. ఆ టెన్షన్ వద్దనుకుంటే అల్లేవాళ్లకే ఆర్డరివ్వండి.

సిద్ధం కావడం

గోడ మీద జాగా కొలుచుకోండి. వాళ్ల పెళ్లిళ్లలో వాడే పళ్లెంలాంటి బుట్ట సుమారు 12 నుంచి 15 అంగుళాలుంటుంది. మొదటిసారి అంతకు మించొద్దు.

అల్లేవారిని కలవడం

ఫీనిక్స్‌లోని హర్డ్ మ్యూజియంలో ఏటా మార్చిలో జరిగే సంతకు వెళ్లండి. లేదా యూటాలోని బ్లఫ్‌లో ట్రేడింగ్ పోస్టులో (ఆదివాసీల చేతిపనులు కొని అమ్మే దుకాణంలో) వాకబు చేయండి. బుట్టల అల్లికకు 1995లో అమెరికా జాతీయ వారసత్వ ఫెలోషిప్ అందుకున్న దివంగత మేరీ హాలిడే బ్లాక్ మాన్యుమెంట్ వ్యాలీ ప్రాంతం ఆవిడే. ఆవిడ పిల్లల్లో చాలామందికి ఈ విద్య వచ్చు.

వేసవిలో వెళ్తే గడియారం చూసుకోండి. ఫీనిక్స్‌లో టైమ్ మార్చరు, నవాహోల సొంత ప్రాంతమైన నవాహో నేషన్‌లో గంట ముందుకు జరుపుతారు. అక్కడివాళ్లు పదింటికి రమ్మంటే, ఫీనిక్స్ టైమ్ పెట్టుకున్న మన వాచీలో తొమ్మిదికే అక్కడుండాలి.

డిజైన్ మాట్లాడటం

అందరూ చెడగొట్టేది ఇక్కడే.

సంప్రదాయ బుట్టలో తెల్లటి నడుమ నుంచి అంచు వైపు, నలుపు ఎరుపు వలయాలను చీల్చుకుంటూ సన్నటి తెల్లని దారి ఒకటి వస్తుంది. ‘ఇక్కడ డిజైన్ తెగిపోయింది, కలిపేయండి’ అనకండి. అది కావాలని వదిలిన దారి. అంచు అల్లిక ముగిసే చోటు కూడా దానికి సూటిగా ఉంటుంది. రాత్రి క్రతువులో దాన్ని జరిపించే పెద్దాయన చీకట్లో అంచును వేలితో తడిమి, దారిని తూర్పుకు తిప్పుకోవడానికి అది గుర్తు.

రెండోది, గృహప్రవేశానికని స్వస్తిక్ అడగడం. నవాహోలకు ‘తిరిగే దుంగలు’ అనే అలాంటి రూపమే ఉంది. కానీ నాజీల కారణంగా 1940లో నవాహో, హోపీ, అపాచీ, పాపగో ప్రతినిధులు ఆ గుర్తు ఇక వాడబోమని సంతకాలు చేశారు. మనకు శుభం కదా అని వాదనకు దిగొద్దు. అల్లేవాళ్లే ఆ మాట ఎత్తితే వినండి, అంతే.

మూడోది, ఫోన్ తీసి వేరొకరి బుట్ట చూపించి ‘అచ్చం ఇలాగే’ అనడం. ఇంకొకరి డిజైన్ అల్లమనడం మర్యాద కాదు. సైజు, ఎక్కడ పెడతారో, ఎంతలో కావాలో చెప్పండి. పెళ్లి బుట్టా, కథ చెప్పే బొమ్మల బుట్టా అన్నది తేల్చుకోండి. ఆ తర్వాత నోరు మూసుకోవాలి. ముక్కముక్కకీ సలహా ఇచ్చి చేయించిన బుట్టలు చూశాను, ఒక్కదానిలోనూ జీవం లేదు.

ధర, గడువు

బేరమాడకూడదు. సుమాక్ పొద రెమ్మలు ఆకు రాలాక కోసుకొస్తారు. రెమ్మ కొసను మూడుగా చీల్చి, ఒక చీలికను పళ్లతో, మిగతా రెండిటిని రెండు చేతులతో పట్టి లాగుతారు. తొక్క గీకి, ఎండబెట్టి, రంగు వేసి, అప్పుడు దబ్బనంతో ఒక్కో కుట్టూ వేస్తారు. ఎరుపుకు మౌంటెన్ మహాగని అనే పొద వేరు వాడేవారు, ఇప్పుడు కొన్న రంగులూ వాడతారు. వేరు రంగే కావాలంటే ముందే చెప్పండి, నేనైతే అదే అడుగుతాను.

నెలలు పడుతుంది. ‘దీపావళికి ఇచ్చేయాలి’ అనకండి. సగం అడ్వాన్సు ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో కొంటే రెండు రోజుల్లో వస్తుందంటారు, నిజమే, కానీ ఎవరు అల్లారో తెలియని సరుకు వస్తుంది.

చేతికి అందాక

కుట్లు బిగువుగా, ఒకే వెడల్పులో ఉన్నాయో లేదో చూడండి. అల్లినవారి పేరు, తెగ కాగితం మీద రాయించుకోండి. ఆదివాసీలు చేయనిదాన్ని వాళ్లదని అమ్మడం అమెరికాలో 1990 చట్టం ప్రకారం నేరం. కాగితంలో ‘పయూట్’ అని పొరుగు తెగ పేరుంటే కంగారు వద్దు. నవాహో క్రతువులకు పయూట్ స్త్రీలూ చాలాకాలంగా బుట్టలు అల్లుతున్నారు.

ఇంటికొచ్చాక ఎండ తగలని గోడకు తగిలించండి. పసుపు కుంకుమ, హారతి, తడి తమలపాకులు మాత్రం అందులో పెట్టొద్దు. ఆ మరక పోదు.