పాత సీకో 7548 డైవర్ కొనేముందు ఏమేం చూడాలి

క్వార్ట్జ్ అనగానే చాలామంది బ్యాటరీ వాచే కదా అని తీసిపారేస్తారు, ఆటోమేటిక్ (చేతి కదలికకే కీ ఎక్కేది) అయితేనే కలెక్షన్ అంటారు, నేనూ అదే మాట అనేవాణ్ని జపాన్ కంపెనీ సీకో చేసిన 7548 చేతికి కట్టుకునేదాకా. 1978లో వచ్చిన డైవర్ ఇది, అంటే నీళ్ళలోకి దిగేవాళ్ళ కోసం చేసిన వాచ్, 150 మీటర్ల వాటర్ రెసిస్టెన్స్, క్రౌన్ (టైం మార్చడానికి తిప్పే బొడిపె) నాలుగు గంటల దగ్గర ఉంటుంది, డే డేట్ రెండూ ఉంటాయి. 1996లో వచ్చిన సీకో ఇంకో డైవర్ ఎస్‌కేఎక్స్007ని చూసినవాళ్ళకి దీన్ని చూడగానే ఎక్కడో చూశామే అనిపిస్తుంది, ఆ పోలిక అంతా దీన్నుంచే వచ్చింది మరి. లోపల మూవ్‌మెంట్ (వాచ్‌ని నడిపే యంత్రం) దాదాపు అంతా మెటలే, 5 జ్యువెల్స్ (అరుగుదల తగ్గించే చిన్న రాళ్ళు), విప్పి కడిగి ఆయిల్ వేసి మళ్ళీ బిగించుకోవచ్చు, ఇప్పటి చవక క్వార్ట్జ్‌లా పాడైతే పారేసే రకం కాదు. నాకు దీనిమీద ప్రేమ పుట్టింది అక్కడే.

అమ్మేవాళ్ళని ముందు అడగాల్సింది వెనక మూత ఫోటో. సీరియల్ నంబర్‌లో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల, అంటే 13తో మొదలైతే 1981 మార్చి. మూత మీద 7548 ఉందా లేదా చూసుకుని, డయల్ అడుగు అంచున సన్నగా అచ్చేసి ఉండే కోడ్ కూడా 7548తోనే మొదలవుతోందా అని జూమ్ చేసి చూడండి, అక్కడ కోడే లేకపోయినా వేరే నంబర్ ఉన్నా ఆ డయల్ ఒరిజినల్ కాదనే లెక్క.

డయల్ దగ్గర తొందరపడొద్దు. మన దేశంలో పాత డయల్స్‌కి కొత్తగా పెయింట్ కొట్టి అమ్మడం బాగా ఎక్కువ, అక్షరాలు లావుగా, అంచులు అలికినట్టు కనిపిస్తే వదిలేయండి. చీకట్లో వెలగడానికి అప్పట్లో వేసిన చుక్కలు ఈపాటికి వెలగవు, చీకట్లో ధగధగా వెలుగుతున్నాయంటే తర్వాత ఎవరో వేసినవే. బెజెల్ (అద్దం చుట్టూ తిరిగే రింగు) రంగు వెలిసిపోతే పర్లేదు, నాకైతే అలా వెలిసిందే ఇంకా ఇష్టం. కేస్‌కి (వాచ్ బాడీకి) పాలిష్ కొట్టించినవి మాత్రం కొనకండి, మెరిసే భాగం, కంపెనీయే సన్నగీతలు పెట్టిన భాగం కలిసేచోట అంచు పదునుగా ఉండాలి, సబ్బుబిళ్ళ అరిగినట్టు గుండ్రంగా ఉంటే మళ్ళీ పాత షేప్ రాదు. నా మొదటి 7548ని ఒక షాపులో బ్యాటరీకని ఇస్తే అడక్కుండానే మెరిపించి ఇచ్చారు, ఆ అంచులు పోయిన బాధ ఇప్పటికీ ఉంది, కాబట్టి ఇచ్చేటప్పుడే పాలిష్ వద్దు అని గట్టిగా చెప్పండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది, బ్యాటరీ ఒక్కటేస్తే నడుస్తుందండీ అనే మాట. ఆగిపోయిన వాచ్‌ని చెడిపోయిందనే అనుకుని ఆ రేటుకే బేరం చేయండి. మూత తీసిన ఫోటో అడగండి, బ్యాటరీ చుట్టూ పచ్చగానో తెల్లగానో పొడి కనిపిస్తే లీకైనట్టు, అది సర్క్యూట్ దాకా పాకిందంటే వేరే మూవ్‌మెంట్ నుంచి పార్ట్స్ తీసి వేయాల్సిందే. తెలిసిన మెకానిక్ ఉంటే మల్టీమీటర్‌తో కాయిల్ (సన్న వైరు చుట్ట) చెక్ చేయించండి, రీడింగ్ అసలు రాకపోతే ఆ వెంట్రుకలాంటి వైరు తెగినట్టే.

బ్యాటరీ సిల్వర్ ఆక్సైడ్ మాత్రమే వేయాలి, పేరు ఎస్ఆర్‌తో మొదలవుతుంది, 1.55 వోల్టులు. అదే సైజులో చవగ్గా దొరికే ఎల్ఆర్ ఆల్కలైన్‌వి తొందరగా లీకవుతాయి, వేయనివ్వకండి. కొన్నాళ్ళు కట్టుకోకుండా పక్కన పెట్టేట్టైతే బ్యాటరీ తీయించేయండి. లోపల ఒక చిన్న ట్రిమ్మర్ స్క్రూ ఉంటుంది, క్వార్ట్జ్ క్రిస్టల్ సెకనుకి 32,768 సార్లు కంపించేది సరిగ్గా ఉండేట్టు సర్దేది అదే, వాచ్ వేగం కొలిచే టైమింగ్ మెషిన్ లేకుండా ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దు. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా డేట్ మార్చకండి, ఆ టైంలో డేట్ పళ్ళచక్రం పట్టుకుని ఉంటుంది, బలవంతం చేస్తే పన్ను విరుగుతుంది.

150 మీటర్లు అని రాసుంది కదా అని స్విమ్మింగ్‌కి తీసుకెళ్ళకండి, నీళ్ళు లోపలికి రాకుండా ఆపేవి నలభై ఏళ్ళ రబ్బర్ గాస్కెట్లు. అవన్నీ కొత్తవి వేయించి ప్రెషర్ టెస్ట్ పాసయ్యేదాకా చేతులు కడిగేటప్పుడు కూడా తీసి పక్కన పెట్టండి.