అంబాసిడర్ లైట్ల మరమ్మతు - 4వ భాగం: కరెంటు దారిలో ఎక్కడ తగ్గిపోతోంది?

పోయిన భాగంలో అద్దం, రిఫ్లెక్టర్, బల్బు చూశాం. అవన్నీ బాగున్నా లైటు ఎర్రగా, నీరసంగా వెలుగుతోందంటే లోపం లైటులో లేదు, దానికి కరెంటు వచ్చే దారిలో ఉంది. జయపురం, కోరాపుట్ వైపు పాత అంబాసిడర్ నడిపేవాళ్లకి ఈ బాధ కొత్త కాదు. చలికాలంలో సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే పొగమంచులో మలుపు కనబడదు. ముందు పోయే లారీ టెయిల్ లైటే దిక్కు. మర్నాడు షాపుకెళితే ‘వంద వాట్ల బల్బు వేసేద్దాం సార్’ అంటారు. వద్దనండి. పెద్ద బల్బు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ కరెంటుతో దారిలో నష్టం ఇంకా పెరుగుతుంది. స్విచ్ వేడెక్కుతుంది, హోల్డర్ కరుగుతుంది, వెలుగు మాత్రం పెట్టిన డబ్బుకి తగ్గట్టు పెరగదు.

లెక్క చూద్దాం. హెచ్4 బల్బు హై బీమ్‌లో 60 వాట్లు, లో బీమ్‌లో 55. హై బీమ్‌లో రెండు బల్బులు కలిపి 120 వాట్లు, అంటే 12 వోల్టుల మీద సుమారు 10 ఆంపియర్లు. ఈ బండి 1958 నుంచి 2014 వరకు తయారైంది. పాత మోడళ్లలో ఈ 10 ఆంపియర్లూ డ్యాష్‌బోర్డు స్విచ్‌లోంచి, తర్వాత హై బీమ్, లో బీమ్ మార్చే డిప్పర్ స్విచ్‌లోంచి తిరిగి ముందుకి రావాలి. నలభై ఏళ్ల నాటి స్విచ్, మధ్యలో తీగల్ని కలిపే బుల్లెట్ కనెక్టర్లు, అవీ తుప్పు పట్టినవి. అన్నీ కలిపి 0.1 ఓమ్ అడ్డం పెట్టినా ఒక వోల్టు పోయినట్టే. వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. అందుకే ఒక్క వోల్టే కదా అని వదిలేయకూడదు.

ఇప్పుడు కొలుద్దాం. కావలసింది మామూలు డిజిటల్ మల్టీమీటర్, దాని ప్రోబ్ (కొలిచే మొన) బ్యాటరీ దాకా అందకపోతే పొడిగించడానికి ఒక పొడుగు తీగ. మీటర్‌ని 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. ఇంజిన్ స్టార్ట్ చేసి హై బీమ్ వెయ్యండి. ఎర్ర ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల ప్రోబ్ బల్బు వెనక హై బీమ్ పిన్ మీద. మీటర్ చూపించే అంకె దారిలో పోయిన వోల్టేజే, తీసివేతలు అక్కర్లేదు. అర వోల్టు లోపు ఉంటే పాజిటివ్ వైపు బాగున్నట్టే. ఒకటి దాటితే పని ఉంది.

చాలామంది ఇక్కడే పొరబడతారు: బల్బు పీకేసి, ఖాళీ హోల్డర్‌లో వోల్టేజి చూస్తారు. పన్నెండున్నర కనబడగానే ‘వైరింగ్ సూపర్’ అనుకుంటారు. కరెంటు పారనప్పుడు నష్టం కనబడదు. బల్బు పెట్టి, వెలుగుతుండగానే కొలవాలి. విదేశాల్లో పాత మాజ్డా మియాటా లాంటి కార్లకి లైట్లు బానెట్‌లోంచి పైకి లేస్తాయి కదా, అవి నత్తలా లేస్తున్నా మోటారు విప్పకముందు చెయ్యాల్సిన పరీక్ష ఇదే.

తర్వాత ఎర్త్, అంటే బల్బు నుంచి కరెంటు బండి బాడీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్లే దారి. ఎర్ర ప్రోబ్ బల్బు ఎర్త్ పిన్ మీద, నల్లది బ్యాటరీ నెగటివ్ మీద. ఇక్కడ 0.2 వోల్టు దాటకూడదు. మన వానలకి ఎర్త్ స్క్రూ కింద తుప్పు పట్టకుండా ఉండటం అరుదు, కాబట్టి సగం బళ్లలో లోపం ఇక్కడే దొరుకుతుంది, పైసా ఖర్చు లేకుండా. స్క్రూ విప్పి, కింద రేకు మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, తీగ కొసకి కొత్త లగ్ (స్క్రూ పట్టే కన్నం ఉన్న రేకు ముక్క) వేసి బిగించి, పైన కొంచెం గ్రీజు రాయండి.

పాజిటివ్ వైపు నష్టం ఉంటే రిలేలే మందు. రిలే అంటే లోపలి కాయిల్‌కి ఇచ్చే కాసింత కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్, దాని పిన్నుల పక్కన నంబర్లు ఉంటాయి. హై బీమ్‌కి ఒకటి, లో బీమ్‌కి ఒకటి. 12 వోల్టులు, 30 ఆంపియర్లు, నాలుగు పిన్నులవి. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఒక్కో రిలేకి విడిగా 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగతో 30వ నంబరు పిన్‌కి తెచ్చుకోవాలి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. రెండిటికీ కలిపి ఒకే ఫ్యూజు పెట్టి తీగ మిగుల్చుకోవాలని చూడకండి, ఘాట్‌లో అది పోతే రెండు బీమ్‌లూ ఒకేసారి ఆరిపోతాయి. 87 నుంచి అదే మందం తీగ రెండు బల్బులకీ వెళుతుంది. ఇదివరకు ఒక వైపు బల్బుకి ఆ బీమ్ కోసం వచ్చే పాత తీగని 86కి కలపండి, 85 ఎర్త్‌కి. రెండో వైపు బల్బు పాత తీగ ఇక అక్కర్లేదు, కొసకి టేపు చుట్టి కట్టేయండి.

ఇకనుంచి స్విచ్ మోసేది రిలే కాయిల్‌కి కావలసిన కాసింత కరెంటే, పావు ఆంపియర్ కూడా ఉండదు. షాపులో ఐదు పిన్నుల రిలే చేతిలో పెడితే 87ఎ అనే మధ్య పిన్‌ని ముట్టుకోవద్దు. దానికి కలిపితే లైట్లు ఆపినప్పుడు వెలుగుతాయి! రిలేల్ని పిన్నులు కిందికి ఉండేలా బిగించండి, నీళ్లు నిలవవు. తీగ రేకు కన్నంలోంచి వెళ్లే ప్రతిచోటా తీగ ఒరుసుకోకుండా రబ్బరు గ్రామెట్ (కన్నం అంచుకి పెట్టే రింగు) వెయ్యాల్సిందే.

పని అయ్యాక మళ్లీ అదే కొలత తీయండి. 0.3 అటూ ఇటూ రావాలి. ఇంకా ఒక వోల్టు చూపిస్తుంటే కొత్త ఫ్యూజు హోల్డర్‌ని, లగ్గుల్ని అనుమానించండి. చవక రకం హోల్డర్లలో రేకు పట్టు వదులుగా ఉంటుంది, పది నిమిషాలు లైట్లు వేసి ఉంచితే చేతికే వేడి తగులుతుంది.

వెలుగు పెరిగింది కాబట్టి ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా లైట్ల ఎత్తు సరిచేయాలి. అది వచ్చే భాగంలో. దానికి చదునైన నేల, ఒక గోడ, కొలిచే టేపు కావాలి. టైర్లలో గాలి ముందే సరిచూసి ఉంచండి.