మే నెలలో చార్మినార్ షాపింగా? నీడ చూసుకుని తిరగండి

పెళ్లి గాజులకి లాడ్ బజారే కావాలంటారు, ముహూర్తం చూస్తే మే నెలలో ఉంటుంది. సరే, వెళ్లండి. కానీ ఫోన్లో 39 చూపిస్తోందా 41 చూపిస్తోందా అని టెన్షన్ పడేకంటే ఏ టైంకి ఏ పక్క నీడ ఉంటుందో చూసుకోండి, ఎందుకంటే ఆ అంకె నీడలో కొలిచిన గాలి వేడి మాత్రమే. బజార్లో మనల్ని మాడ్చేది నెత్తిన పడే ఎండ, దానికి తోడు బండలూ గోడలూ కొట్టే సెగ.

హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం పన్నెండుంబావుకి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన కర్రకి కూడా నీడ పడదు. అందుకే ఈ రోజుల్లో పదకొండున్నర నుంచి రెండింటి దాకా రోడ్డుకి ఏ పక్కన నడిచినా పెద్ద తేడా ఉండదు. ఆ టైంలో ఇరుక్కుపోతే, మదీనా సెంటర్ నుంచి చార్మినార్‌కి వచ్చే రోడ్డు మీదున్న పత్తర్‌గట్టీ రాతి కమాన్ల కిందికి దూరండి. 1908 మూసీ వరద తర్వాత ఊరిని బాగుచేసినప్పుడు కట్టిన వరస అది, షాపుల ముందు పైకప్పున్న నడవా. కొన్నిచోట్ల సరుకంతా నడవాలోనే పరిచేస్తారు, అది వేరే ఏడుపు.

మూడు దాటాక మదీనా నుంచి చార్మినార్‌కి నడిచేవాళ్లు కుడిచేతి పక్కన నడవండి, నీడ అటే పడుతుంది. లాడ్ బజార్ అలా కాదు, తూర్పు పడమరలుగా ఉంటుంది. సాయంత్రం చార్మినార్ వైపు నుంచి లోపలికెళ్తే ఎండ సూటిగా మొహాన కొడుతుంది. మహబూబ్ చౌక్ గడియారం వైపు నుంచి రండి, ఎండ వీపున పడుతుంది. ఆరు దాటాక వెళ్తే ఇంకా నయం, షాపులు రాత్రి దాకా తెరిచే ఉంటాయి. కానీ చార్మినార్ చుట్టూ పరిచిన రాయి అప్పటికీ చల్లారదు, పల్చటి చెప్పులతో అక్కడ నిలబడి బేరాలాడకండి. ఏసీ డబ్బాలు వేడిగాలి వదిలే చోట అసలే వద్దు.

లక్క గాజులు చేయించుకునేవాళ్లకి ఒక మాట. నిప్పుల మీద లక్కని మెత్తబరిచి, ముద్దని సాగదీసి గాజుకి చుట్టి, ఒక్కో రాయీ అద్దుతుంటే చూడ్డానికి బానే ఉంటుంది, ఆ ఇరుకు గదిలో కుంపటి పక్కన మనకే ఊపిరాడదు. సైజు చెప్పి బయటికొచ్చేయండి.

కాటన్ బట్టలు, మెడ మీద తడి తువ్వాలు, లీటరు నీళ్లలో కలిపిన ఓఆర్ఎస్ తప్పనిసరి. ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతుంటే వెంటనే నీడకి చేర్చి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో మాత్రం నీళ్లు పోయకండి.