తోటలోని కీటకాలను దగ్గరగా చిత్రించడం ఎలా?

కీటకాల ఫొటోగ్రఫీ మొదలుపెట్టాలనుకునేవారు సాధారణంగా ముందు లెన్సు గురించే ఆలోచిస్తారు. కానీ మంచి చిత్రానికి పునాది కీటకం నడవడిని ఎరిగి ఉండటమేనని నా దృఢమైన అభిప్రాయం. ఏ పువ్వు మీద ఏ వేళకు తేనెటీగలు వాలుతున్నాయో, ఏ ఆకు అడుగున పేనుబంక పట్టిందో కొన్నాళ్లు ఉత్త కళ్లతోనే గమనించండి. పేనుబంక పట్టిన కొమ్మ ఫొటోగ్రాఫర్‌కు నిజంగా పెన్నిధి. ఆ పురుగులు విసర్జించే తీపి ద్రవం కోసం చీమలు వస్తాయి, ఆ పేనుబంకను తినడానికి అక్షింతల పురుగులూ వాటి పిల్లపురుగులూ చేరతాయి. అందువల్ల కదలకుండా ఒక్కచోట కూర్చున్నా ఎన్నో దృశ్యాలు దొరుకుతాయి. తూనీగల్లో చాలా రకాలు లేచి వెళ్లినా తాము వాలిన పుల్ల మీదికే మళ్లీ వస్తాయి కనుక, వాటి వెంట పడకుండా ఆ పుల్ల మీద ఫోకస్ కుదుర్చుకుని వేచి ఉండటం మేలు.

ఇందుకు అనువైన సమయం తెల్లవారిన తొలి గంటలు. కీటకాల ఒంటి వేడి చాలావరకు పరిసరాల వేడిని బట్టే ఉంటుంది కాబట్టి, చల్లని ఉదయాన అవి మందకొడిగా ఉండి మనల్ని దగ్గరకు రానిస్తాయి. కదలకుండా ఉంటాయని కీటకాలను పట్టి ఫ్రిజ్‌లో పెట్టి తీసేవారూ ఉన్నారు. ఆ పద్ధతిని నేను ఎంతమాత్రం సమర్థించను. దగ్గరకు వెళ్లేటప్పుడు మీ నీడ కీటకం మీద పడకూడదు, అది వాలిన కొమ్మకు మీ చెయ్యి తగలకూడదు.

పరికరాల విషయానికొస్తే, కీటకాన్ని దాని నిజ పరిమాణంలో, అంటే 1:1 నిష్పత్తిలో, సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) మీదికి తెచ్చే 90 నుంచి 105 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు చక్కగా సరిపోతుంది. అది లేనివారు ఉన్న లెన్సుకే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, అంటే లెన్సుకూ కెమెరాకూ మధ్య అమర్చే బోలు గొట్టాలు, తగిలించుకోవచ్చు.

అసలు కష్టం స్పష్టత దగ్గర ఎదురవుతుంది. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాతో 1:1 నిష్పత్తిలో, అపర్చర్‌ను (లెన్సులో కాంతి వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/11 దాకా చిన్నది చేసినా స్పష్టంగా కనిపించే లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. అపర్చర్‌ను ఇంకా చిన్నది చేద్దామంటే, ఆ దూరంలో ఎఫ్/11 అప్పటికే ఎఫ్/22 లాగా పనిచేస్తూ ఉంటుంది కాబట్టి, కాంతి వివర్తనం (సన్నని రంధ్రం గుండా వచ్చే కాంతి పక్కలకు చెదరడం) వల్ల చిత్రమంతా మెత్తబడిపోతుంది. అందుకని అపర్చర్‌ను అక్కడే ఉంచి, కీటకం ఒడలు సెన్సర్‌కు సమాంతరంగా వచ్చేలా మీరే పక్కకు జరగండి. ఏది మసకబారినా కన్ను మాత్రం స్పష్టంగా ఉండి తీరాలి. ఆటోఫోకస్ ఆపేసి, కెమెరాతో పాటు మీరూ మెల్లగా ముందుకు వంగుతూ, కంటి మీది చిన్న చిన్న గళ్లు తేటపడిన క్షణంలో మీట నొక్కండి. కీటకం నిద్రలో ఉన్నట్టు కదలకుండా ఉంటే, ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ వరుసగా చిత్రాలు తీసి, వాటిని తర్వాత కంప్యూటర్‌లో ఒకటిగా పేర్చవచ్చు.

వెలుగు మీద మాత్రం ఎంత శ్రద్ధ పెట్టినా తక్కువే. తక్కువ శక్తితో వెలిగే ఫ్లాష్ సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపే ఉంటుంది కనుక చేతి వణుకునూ రెక్కల కదలికనూ చాలావరకు నిలిపేస్తుంది. అయితే దాన్ని నేరుగా వాడితే పెంకు పురుగుల వీపు మీద తెల్లని మచ్చలు పడి రంగు చచ్చిపోతుంది. పలచని తెల్లని వస్త్రాన్నో కాగితాన్నో డిఫ్యూజర్‌గా అమర్చి, కీటకాన్ని బెదరగొట్టనంత దగ్గరగా తెస్తే, వెలుగు మృదువుగా పరుచుకుని ఆ పెంకులోని నీలి, రాగి ఛాయలు బయటపడతాయి. ఫ్లాష్ వెలుగు అందే దూరంలో వెనుక ఏమీ లేకపోతే నేపథ్యం కటిక నలుపుగా వస్తుంది. అది నచ్చకపోతే, వెనుక దగ్గరలో ఆకు గానీ పువ్వు గానీ ఉండే కోణాన్ని ఎంచుకోవాలి.

మీకు నచ్చిన చిత్రం దొరికాక కూడా, అదే కీటకాన్ని పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, అది వాలిన మొక్క కనిపించేలా కాస్త దూరం నుంచి ఒకటి తీసి, తేదీని, మొక్క పేరును రాసి ఉంచండి. జాతిని గుర్తుపట్టగల నిపుణులకు రెక్కల ఈనెలు, మీసాలు, ఆహారపు మొక్క ముఖ్యమైన ఆధారాలు.