చిన్న మెటల్ బ్యాండ్‌సా: కోత వంకర పోకుండా సెటప్

బ్యాండ్‌సా అంటే రింగులా తిరిగే బ్లేడుతో లోహం కోసే మిషన్. కొత్తది పెట్టెలోంచి తీసి ప్లగ్ పెట్టి వెంటనే రాడ్ కోసేయాలనిపిస్తుంది, నేనూ అదే చేశా, 50 మిల్లీమీటర్ల రౌండ్ రాడ్ కోస్తే కింది కొచ్చేసరికి కోత 2 మిల్లీమీటర్లు పక్కకి పోయింది. రెండ్రోజులు మిషన్‌ని తిట్టుకున్నాక తెలిసింది, బ్లేడు పక్కకి పోకుండా పట్టుకునే గైడ్లు నేను సెట్ చేయలేదని.

ముందు ప్లగ్ పీకేయండి. చుట్టగా వచ్చిన బ్లేడు విప్పేటప్పుడు స్ప్రింగులా ఎగురుతుంది, గ్లవ్స్ వేసుకోండి, మిషన్ తిరిగేటప్పుడు మాత్రం గ్లవ్స్ వద్దే వద్దు. పళ్ళ మొనలు బ్లేడు నడిచే వైపుకి ఉండాలి. టెన్షన్ ఇచ్చి వీల్‌ని చేత్తో తిప్పి చూడండి, బ్లేడు వీపు వీల్ అంచుకి తగిలీ తగలనట్టు నడవాలి, రాసుకుంటే బ్లేడు తొందరగా తెగుతుంది.

అసలు పని గైడ్ బేరింగులది. వాటికీ బ్లేడుకీ మధ్య సందు కనపడకూడదు, అలాగని బిగించి నొక్కేయకూడదు, రెండు గైడ్లనీ రాడ్‌కి వీలైనంత దగ్గరికి జరపండి. తర్వాత మూలమట్టం బెడ్ మీద పెట్టి బ్లేడు ఒంటికి ఆనించి చూడండి, పళ్ళకి ఆనించారో కొలత తప్పుతుంది, ఎందుకంటే అవి అటూఇటూ వంచి ఉంటాయి.

ఇప్పుడు చిన్న టెస్ట్. చదరం రాడ్ చివర ఒక కోత కోసి, రాడ్‌ని అర చుట్టు తిప్పి బిగించి, 5 మిల్లీమీటర్ల బిళ్ళ కోయండి. నాలుగు మూలలూ కాలిపర్‌తో కొలిస్తే ఉన్న తప్పు రెట్టింపై కనపడుతుంది, పైకీ కిందికీ తేడా ఉంటే గైడ్లు, పక్కలకి తేడా ఉంటే రాడ్‌ని బిగించే వైస్ సరిచేయాలి. తిప్పకుండా కోస్తే మాత్రం రెండు కోతలూ ఒకే వంకరలో పోయి బిళ్ళ సమానంగానే ఉంటుంది, అక్కడే మోసపోతాం.

బ్లేడు ఎంచుకునేటప్పుడు లోహంలో ఎప్పుడూ కనీసం 3 పళ్ళు ఉండేలా చూసుకోండి. 3 మిల్లీమీటర్ల మందం ఉన్న యాంగిల్ (L ఆకారపు ఇనుము) అయితే ఇంటి కప్పులా బోర్లా పెట్టి అంగుళానికి 18 పళ్ళది వాడొచ్చు. స్టెయిన్‌లెస్‌కి అన్నిటికంటే తక్కువ స్పీడు, అల్యూమినియంకి ఎక్కువ, మామూలు ఇనుముకి మధ్యది.

కొత్త బ్లేడుతో మొదటి కొన్ని కోతలు సగం ఒత్తిడితోనే. తర్వాత రజను చూస్తూ కోత ఒత్తిడిని మార్చే స్ప్రింగ్ సర్దుకోండి: చుట్టలు చుట్టలుగా రాలితే సరిగ్గా ఉన్నట్టు, పొడిలా రాలితే ఒత్తిడి చాలట్లేదు, నీలం రంగుకి తిరిగితే స్పీడో ఒత్తిడో ఎక్కువైంది, ఆపేయండి.