ఏజెంటును ఆపినా అనుమతి ఆగదు: బ్రిడ్జికి కలిపే ముందు జాగ్రత్తలు

పోయిన నెల ఒక తెల్లవారుజామున, గతంలో నాతో కలిసి పనిచేసిన కుర్రవాడు ఫోన్ చేశాడు. తన క్రిప్టో వాలెట్‌లోని డబ్బును కదిలించడానికి అతను ఒక ఏఐ ఏజెంటును, అంటే చెప్పిన పనిని తనంతట తాను చేసుకుపోయే ప్రోగ్రాంను, నడిపేవాడు. గొంతు వణుకుతోంది. "అన్నా, ఏజెంటును ఆపేసి మూడు వారాలైంది. సర్వర్ కూడా తీసేశాను. రాత్రి వాలెట్‌లో ఉన్న యూఎస్‌డీసీ పొద్దున లేచేసరికి లేదు" అన్నాడు. యూఎస్‌డీసీ అంటే డాలర్ విలువతో సమానంగా ఉండే క్రిప్టో టోకెన్. పోయింది ఆరు వేల డాలర్ల పైమాటే. చెల్లెలి చదువు కోసం దాచిన డబ్బు.

ఇద్దరం కూర్చుని లావాదేవీలన్నీ వెనక్కి తిరగేశాం. అతని ప్రైవేట్ కీని, అంటే వాలెట్ తరఫున సంతకం చేసే రహస్య సంఖ్యను, ఎవరూ దొంగిలించలేదు. ఏజెంటును ఎవరూ మోసం చేయలేదు. నెల రోజుల కిందట, ఒక చైన్ (బ్లాక్‌చైన్) నుంచి మరో చైన్‌కు డబ్బు చేర్చే చిన్న వేదికకు, అంటే బ్రిడ్జికి, పరీక్ష కోసం ఏజెంటును కలిపాడు. అప్పుడది అక్కడి కాంట్రాక్టుకు (చైన్ మీద నడిచే ప్రోగ్రాంకు), వాలెట్‌లోని యూఎస్‌డీసీని తీసుకోవచ్చని ఒక అనుమతి ఇచ్చింది. పంపింది 20 డాలర్లు. ఇచ్చిన అనుమతికి మాత్రం పరిమితి లేదు. తర్వాత ఆ కాంట్రాక్టులో ఉన్న లొసుగు ఇంకెవరికో దొరికింది. అంతే.

ఏజెంటును ఆపాడు, ఏపీఐ కీ (ఏజెంటు బయటి సేవలు వాడుకునే పాస్‌వర్డ్ లాంటిది) రద్దు చేశాడు, వాలెట్‌లో డిస్‌కనెక్ట్ కూడా నొక్కాడు. అనుమతిని మాత్రం రద్దు చేయలేదు. అది విడిగా చేయాల్సిన పని అని అతనికి తెలియదు.

ఈమధ్య చాలామంది ఏఐ ఏజెంట్లను బ్రిడ్జిలకు కలుపుతున్నారు. సీడ్ ఫ్రేజ్ (వాలెట్‌ను తిరిగి తెరిచే పదాల వరుస) ఎవరికీ చెప్పవద్దు, తెలియని లింకు నొక్కవద్దు లాంటివి మీరు వందసార్లు విని ఉంటారు. వాటిని వదిలేస్తున్నాను. నేను నా కళ్లతో చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఒకే ఒక్క తప్పు నుంచి వచ్చాయి కాబట్టి ముందు దాని గురించే చెబుతాను.

ముందుగా అనుమతి సంగతి

ఎథీరియం తరహా చైన్లలో మీ టోకెన్లను ఏ కాంట్రాక్టూ తనంతట తాను తీసుకోలేదు. "ఈ కాంట్రాక్టు నా దగ్గర నుంచి ఇంతవరకు తీసుకోవచ్చు" అని మీరు ముందు చైన్ మీద రాసివ్వాలి. దాన్నే అప్రూవల్ అంటారు. ఆ "ఇంత" అన్నచోట చాలా ఉదాహరణ కోడ్‌లలో 78 అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. ఆ గడిలో పట్టే అతి పెద్ద సంఖ్య అది. దాని అర్థం, ఈ రోజు వాలెట్‌లో ఉన్నది మొత్తం, రేపు వచ్చేది మొత్తం, వచ్చే ఏడాది మీరు వేసుకోబోయేది మొత్తం.

మన ఊళ్లలో చిట్టీ పాడినప్పుడు హామీ కింద సంతకం చేసిన ఖాళీ చెక్కులు ఇచ్చేవారు ఉన్నారు. చిట్టీ తీరిపోతుంది, చెక్కులు అవతలివారి బీరువాలోనే ఉండిపోతాయి. వారు మంచివారే కావచ్చు. కానీ ఆ బీరువా రేపు ఎవరి చేతికి వెళుతుందో ఎవరు చెప్పగలరు? అపరిమిత అనుమతి అచ్చంగా ఆ చెక్కే.

ఇది ఆ కుర్రవాడి ఒక్కడి కథ కాదు. 2024 జనవరి 16న సాకెట్ అనే వేదిక మీద దాడి జరిగి సుమారు 33 లక్షల డాలర్లు పోయాయి. అదే ఏడాది జూలై 16న లైఫై వేదిక వంతు వచ్చింది. సుమారు 1.16 కోట్ల డాలర్లు పోయాయి. రెండూ చైన్ల మధ్య డబ్బు పంపేవారికి దారి వెతికిపెట్టే వేదికలే. రెండింటిలోనూ కొత్తగా చేర్చిన భాగంలో, వచ్చే సమాచారాన్ని సరిగా తనిఖీ చేయని లోపం ఉంది. రెండింటిలోనూ నష్టపోయినవారు, ఎప్పుడో ఆ కాంట్రాక్టులకు అపరిమిత అనుమతి ఇచ్చి మరిచిపోయినవారు. దాడి జరిగిన రోజు వారు ఏమీ చేయలేదు. కొందరు నిద్రలో ఉండి ఉంటారు. లైఫైకి 2022 మార్చిలో కూడా ఇదే తరహాలో దెబ్బ తగిలింది. అప్పుడు పోయింది సుమారు 6 లక్షల డాలర్లు. అంటే ఒకసారి జరిగాక కూడా అదే తరహా దెబ్బ మళ్లీ తగిలిందన్నమాట.

మనిషి చేతిలో ఉన్నప్పుడే ఇలా ఉంటే, ఏజెంటు చేతిలో ఇంకా ప్రమాదం. మనిషికి వాలెట్ తెర మీద ఎంత అనుమతి ఇస్తున్నాడో కనబడుతుంది, ఒక్క క్షణమైనా ఆగుతాడు. ఏజెంటు సంతకం చేసేటప్పుడు ఆ తెరే ఉండదు. పైగా ఏజెంటు పని పూర్తి కావడానికి మొగ్గు చూపుతుంది. ఎథీరియం మీద యూఎస్‌డీటీ అనే మరో డాలర్ టోకెన్‌కు ఒక విచిత్రమైన పద్ధతి ఉంది. పాత అనుమతిని ముందు సున్నా చేయకుండా కొత్త మొత్తం రాస్తే లావాదేవీ విఫలమవుతుంది. ఈ దోషం రెండుసార్లు ఎదురైతే చాలు, కోడ్ రాసే ఏజెంటు, కొన్నిసార్లు రాయించే మనిషి కూడా, "ఒకేసారి గరిష్ఠం ఇచ్చేద్దాం" అనే దారి పడతారు. దోషం పోతుంది, పరీక్షలు నెగ్గుతాయి, అపరిమిత అనుమతి మిగిలిపోతుంది. నేను తనిఖీకి తీసుకున్న కోడ్‌లలో ఇది మళ్లీ మళ్లీ చూశాను.

లెక్క కూడా చూడండి. ఐదు చైన్లు, మూడు టోకెన్లు, రెండు వేదికలు. అన్నీ వాడితే 30 అనుమతులు. ఒక చైన్ మీద రద్దు చేస్తే ఇంకో చైన్ మీద రద్దు కాదు. ఏజెంటు ఒక్క మధ్యాహ్నంలో చేసిపెట్టిన పనిని మీరు 30 చోట్ల విడివిడిగా వెనక్కి తీసుకోవాలి.

కాబట్టి పంపే మొత్తానికే అనుమతి. 20 డాలర్లు పంపుతుంటే 20 డాలర్లకే. పని ముగిశాక ఆ అనుమతి సున్నాకు చేరిందో లేదో కోడే చూడాలి, చేరకపోతే కోడే సున్నా చేయాలి. ప్రతిసారీ అప్రూవల్‌కు గ్యాస్, అంటే లావాదేవీకి చైన్‌కు కట్టే రుసుము, దండగ అంటారు. ఎథీరియం పైన ఆధారపడి నడిచే లేయర్-2 చైన్ల మీద ఆ ఖర్చు సాధారణంగా కొన్ని పైసలు, మహా అయితే కొన్ని రూపాయలు. ఎథీరియం మీద ఎక్కువైనా సరే, పెట్టండి.

ఇంకొక మెలిక. కొన్ని టోకెన్లకు గ్యాస్ ఖర్చు లేకుండా, కేవలం ఒక సందేశం మీద సంతకంతో అనుమతి ఇచ్చే పర్మిట్ పద్ధతి ఉంది. అది లావాదేవీల చరిత్రలో అప్రూవల్‌గా వెంటనే కనబడదు. "మా ఏజెంటు లావాదేవీలు పంపదు, సందేశాల మీద సంతకాలే చేస్తుంది" అని ధైర్యంగా ఉన్నవారిని చూశాను. ఆ సంతకమే అనుమతి. మొత్తంతో పాటు దాని గడువు కూడా చూడండి. నిమిషాల్లో ముగిసే గడువు చాలు.

నియమం ఎక్కడ ఉండాలి

"అపరిమిత అనుమతి ఇవ్వకు" అని ఏజెంటుకు సూచనల్లో రాస్తే సరిపోతుందనుకోకండి. 2024 నవంబరులో ఫ్రేసా అనే ఏజెంటుతో ఒక బహిరంగ పోటీ పెట్టారు. డబ్బును ఎట్టి పరిస్థితిలోనూ ఎవరికీ పంపవద్దన్నదే దానికిచ్చిన మూల నియమం. వందల ప్రయత్నాలు విఫలమయ్యాక, 482వ సందేశం పంపిన వ్యక్తి డబ్బు పంపే ఫంక్షన్‌కు అర్థాన్నే మార్చి చెప్పాడు, అది డబ్బు లోపలికి వచ్చినప్పుడు వాడేదని నమ్మించాడు. ఏజెంటు దాదాపు 47 వేల డాలర్లు పంపేసింది. అది పోటీ కాబట్టి సరిపోయింది.

మీ ఏజెంటు చదివే ప్రతిదీ, టోకెన్ పేరు, వెబ్ పేజీ, లావాదేవీకి జతచేసిన చిన్న సందేశం, దానికి ఆజ్ఞలా వినిపించగలదు. అందుకే నియమం ఏజెంటు మాటల్లో కాదు, సంతకం చేసే చోట ఉండాలి. ఏజెంటు లావాదేవీని ప్రతిపాదించాలి. ఏ కాంట్రాక్టు, ఏ ఫంక్షన్, ఎంత మొత్తం, ఎవరికి అన్న నాలుగూ చూసి సంతకం చేసే విడి ప్రోగ్రాం మరొకటి ఉండాలి. ఏజెంటు మాట దానికి అక్కరలేదు. జాబితాలో లేని కాంట్రాక్టుకు అనుమతి అడిగితే అది కాదనాలి. పంపే మొత్తం కన్నా ఎక్కువ అనుమతి అడిగినా కాదనాలి. స్మార్ట్ ఖాతాలు (కాంట్రాక్టు రూపంలో ఉండే వాలెట్లు) వాడేవారు ఈ హద్దులను చైన్ మీదే పెట్టుకోవచ్చు, అది ఇంకా మేలు.

ఏజెంటును కాపాడి దాని వెనుక గది తలుపు తెరిచి ఉంచినా ఇదే గతి. 2025 మార్చిలో ఏఐఎక్స్‌బీటీ అనే ఏజెంటు నుంచి 55.5 ఈథర్ (ఎథీరియం నాణెం), అంటే లక్ష డాలర్ల పైనే పోయింది. మోడల్‌ను ఎవరూ మాటలతో లొంగదీయలేదని, దాని నియంత్రణ ప్యానెల్‌లోకి చొరబడ్డారని నిర్వాహకులు చెప్పారు.

కీ గురించి ఒక్కటే చెబుతాను. 2024 డిసెంబరు 2న సొలానా చైన్ కోసం ప్రోగ్రాంలు రాసేవారు వాడే వెబ్3 జేఎస్ లైబ్రరీలో 1.95.6, 1.95.7 సంచికలు (వెర్షన్లు) ప్రైవేట్ కీలను దొంగిలించే కోడ్‌తో బయటికి వచ్చాయి. కొన్ని గంటలే ఉన్నాయి. మామూలు వాలెట్ వాడేవారికి పెద్దగా ఏమీ కాలేదు. ప్రైవేట్ కీని నేరుగా చేతిలో పెట్టుకుని పనిచేసే బాట్‌లే దాని లక్ష్యం. మీ ఏజెంటు అటువంటిదే.

ఇక వరుసగా

- ఏజెంటుకు కొత్త వాలెట్. మీ సొంత వాలెట్ వద్దు, "పరీక్షకే కదా" అన్నా వద్దు. ఆ కుర్రవాడు కూడా అదే అన్నాడు.
- అందులో ఆ రోజు పనికి సరిపడా డబ్బే వేయండి. పోతే బాధపడి మరచిపోగలిగినంతే.
- ముందు టెస్ట్‌నెట్, అంటే విలువ లేని నాణేలతో నడిచే పరీక్ష చైన్. తర్వాత అసలు చైన్ మీద అతి చిన్న మొత్తం. అది అవతలి ఒడ్డుకు చేరాక, అనుమతి సున్నా అని చూశాకే రెండోది.
- కాంట్రాక్టు చిరునామాను ఏజెంటును వెతకనివ్వకండి. వేదిక అధికారిక పత్రాల నుంచి మీరే తీసుకుని, చైన్‌వారీగా కోడ్‌లో రాసిపెట్టండి.
- అందుకునే చిరునామా కూడా రాసిపెట్టినదే కావాలి. పాత లావాదేవీల జాబితా నుంచి తీసుకోనివ్వకండి. మొదటి, చివరి అక్షరాలు కలిసే దొంగ చిరునామాలను అక్కడ కావాలనే నాటుతారు.
- స్మార్ట్ ఖాతా చిరునామా ఒక చైన్ మీద మీదైతే ఇంకో చైన్ మీద కూడా మీదేనని అనుకోకండి. 2022లో వింటర్‌మ్యూట్ అనే క్రిప్టో ట్రేడింగ్ సంస్థకు పంపిన 2 కోట్ల ఓపీ టోకెన్లు, ఆప్టిమిజం చైన్ మీద వారు ఇంకా నెలకొల్పని మల్టీసిగ్ (పలువురి సంతకాలు కావాల్సిన ఖాతా) చిరునామాకు వెళ్లాయి. వారికన్నా ముందు మరొకడు అక్కడ దాన్ని నెలకొల్పి తీసుకున్నాడు. తర్వాత ఎక్కువ భాగం తిరిగి రావడం వారి అదృష్టం.
- ఆలస్యమైతే మళ్లీ పంపనివ్వకండి. ఇటు చైన్‌లో కట్ అయి అటు చేరకపోవడం బ్రిడ్జిల్లో మామూలే. ఏజెంటు దాన్ని వైఫల్యం అనుకుని రెండోసారి, మూడోసారి పంపుతుంది. లావాదేవీ హ్యాష్‌తో, అంటే దాని గుర్తింపు సంఖ్యతో, స్థితి తేలేదాకా ఆగాలి. కొన్ని రోలప్‌ల (ఒక రకం లేయర్-2 చైన్ల) నుంచి అధికారిక బ్రిడ్జి ద్వారా వెనక్కి రావడానికి ఏడు రోజులు పడుతుంది.
- కనీసం ఎంత చేరాలో చెప్పకుండా పంపకండి. ఆ గడిలో సున్నా ఉంటే ఆపేయండి.
- సంతకానికి ముందు అనుకరణ నడపండి, అంటే లావాదేవీని చైన్‌కు పంపకుండా ఫలితం చూడండి. ఏజెంటు చెప్పిన ఫలితం, అనుకరణ చూపిన ఫలితం వేరైతే ఆపేయండి.
- డబ్బును బ్రిడ్జి ఇచ్చే ప్రతిరూప టోకెన్‌లో (అసలు టోకెన్‌ను తన దగ్గర ఉంచుకుని బదులుగా ఇచ్చేది) నిల్వ ఉంచకండి. 2022 మార్చిలో రోనిన్ బ్రిడ్జిలో 9 కీలలో 5 దొంగల చేతికి వెళ్లాయి, 60 కోట్ల డాలర్లకు పైగా పోయింది, ఆరు రోజుల దాకా ఎవరూ గమనించలేదు. దాటించండి, అసలు టోకెన్‌లోకి మార్చండి, బయటికి రండి.
- లైబ్రరీల సంచిక సంఖ్యలను బిగించండి. దానంతట అది కొత్త సంచికకు మారకూడదు.
- ఎవరో రాసిన ఎంసీపీ సర్వర్‌ను (ఏజెంటుకు బయటి సాధనాలను కలిపే ప్రోగ్రాంను) కోడ్ చదవకుండా కీ ఉన్న కంప్యూటర్‌లో నడపకండి.
- కీని లాగ్‌లలోకి (ప్రోగ్రాం రాసుకునే రికార్డుల్లోకి) పోనివ్వకండి. ఏజెంటు సంభాషణలోకి అసలే పోనివ్వకండి.
- రోజుకు ఇంత అన్న పరిమితి. దాటితే మనిషి సంతకం.
- ఒక్క నొక్కుతో అన్నీ ఆగే ఏర్పాటు. అది ముందే ఒకసారి నొక్కి చూడండి.
- ఆపడం వేరు, రద్దు చేయడం వేరు. ఆపిన వెంటనే అనుమతులన్నీ రద్దు చేయండి.
- కీయే బయటికి పోయిందన్న అనుమానం ఉంటే అనుమతుల రద్దుతో కూర్చోకండి. ముందు మిగిలిన డబ్బును కొత్త వాలెట్‌కు తరలించండి.
- భారతదేశంలో ఉంటే మోసం తెలిసిన గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. హ్యాష్‌లు, చిరునామాలు చేతిలో పెట్టుకుని చేయండి.
- అపరిమిత అనుమతి వద్దు. వేదిక ఎంత పెద్దదైనా వద్దు. ఆడిట్ జరిగినా వద్దు. ఏజెంటు ఎంత నమ్మకంగా అడిగినా వద్దు.

ఆ ఉదయం ఆ కుర్రవాడి వాలెట్‌లో మేము ఇంకా 11 అనుమతులు కనుగొన్నాం. నాలుగు చైన్ల మీద ఉన్నాయి. తొమ్మిది అపరిమితం. రద్దు చేయడానికి కూడా గ్యాస్ కావాలి, రెండు చైన్ల మీద అతని దగ్గర గ్యాస్‌కు చిల్లర కూడా లేదు. నా వాలెట్ నుంచి పంపి ఒక్కొక్కటిగా సున్నా చేస్తూ వచ్చాం. మీరూ ఈ రాత్రే, అనుమతులను చూపి రద్దు చేయనిచ్చే రివోక్ క్యాష్ లాంటి సాధనాన్ని తెరిచి, ఏజెంటు తాకిన ప్రతి చైన్‌ను ఎంచుకుని జాబితా చూడండి. ఏ చైన్లో ఎంత గ్యాస్ ఉంచుకోవాలో ముందే రాసుకోండి.